పుస్తకాల్లో పదాల ఉత్థాన పతనాలు

ఒక పదాన్ని ఏ కాలంలో ఎంతగా వాడారో తెలియాలంటే ఆ కాలంలో అచ్చయిన పుస్తకాల్లో అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. ఏడాదికో లెక్క చొప్పున వరుసగా పేర్చుకుంటూ పోతే ఆ పదం అచ్చులోకి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు ఊపందుకుంది, ఎప్పుడు వాడుక తప్పింది అన్నది ఒక గీతగా కనిపిస్తుంది. ప్రతి పదం వెనకా ఒక వస్తువో ఆలోచనో సంఘటనో ఉంటుంది కాబట్టి ఆ గీత భాష చరిత్రతో పాటు సమాజ చరిత్రను కూడా కొంత చెబుతుంది. వినడానికి సులువుగా ఉన్న ఈ లెక్క పెద్ద ఎత్తున కుదరడానికి వందేళ్లకు పైగా పట్టింది. కుదిరాక, దాన్ని సరిగా చదవడం మరో విద్య అని తేలింది.

చేతి లెక్కల కాలం

కంప్యూటర్లు రాకముందే పదాలను లెక్కించినవారున్నారు. జర్మనీలో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ కేడింగ్ ఒక పెద్ద బృందాన్ని కూర్చుకుని కోటీ పది లక్షల పదాల పాఠాన్ని చేత్తో లెక్కపెట్టించి, 1897-98లో జర్మన్ పదాల పౌనఃపున్య నిఘంటువును వెలువరించాడు. ఆయన ఉద్దేశం షార్ట్‌హ్యాండ్‌ను మెరుగుపరచడం. ఎక్కువసార్లు వచ్చే పదాలకు చిన్న గుర్తులు పెడితే రాత వేగం పెరుగుతుంది.

ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ నిఘంటువు నిర్మాతలు మరో దారి పట్టారు. వేలమంది పాఠకులు పుస్తకాలు చదువుతూ, ఒక్కో పదం వాడిన వాక్యాన్ని తేదీతో సహా చిన్న కాగితం ముక్కల మీద రాసి పంపారు. 1884లో తొలి భాగం, 1928లో చివరి భాగం వెలువడిన ఆ నిఘంటువు ఒక్కో అర్థం ఎప్పటి నుంచి వాడుకలో ఉందో చూపింది. అయితే ఒక పదం తొలిసారి ఎప్పుడు కనిపించిందో చెప్పగలిగినా, ఆ తర్వాత అది ఎంతగా వ్యాపించిందో ఆ పద్ధతితో తేలదు.

యంత్రం సాయం 1949 నుంచి మొదలైంది. ఇటలీకి చెందిన మతాచార్యుడు రొబెర్తో బుసా, మధ్యయుగ తత్త్వవేత్త థామస్ అక్వైనస్ రచనల్లోని ప్రతి పదానికీ సూచిక తయారుచేయడానికి ఐబీఎం సంస్థను ఆశ్రయించాడు. కోటికి పైగా పదాలను పంచ్ కార్డుల మీదికి ఎక్కించారు. 56 సంపుటాల ఆ సూచిక ముద్రణ పూర్తయ్యేసరికి మూడు దశాబ్దాలు గడిచాయి.

అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ కుచెరా, నెల్సన్ ఫ్రాన్సిస్ 1960ల్లో చేసిన పని ఈ రంగానికి పునాది వేసింది. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి, ఒక్కొక్కటి దాదాపు 2,000 పదాలుండే 500 నమూనాలను ఎంచి, పది లక్షల పదాల రాశిని కూర్చారు. వార్తలు, కథలు, శాస్త్ర వ్యాసాలు, మతగ్రంథాలు అన్నీ తగిన పాళ్లలో ఉండేలా చూశారు. ఇలా ఒక పద్ధతి ప్రకారం పోగుచేసిన పాఠాల రాశిని భాషాశాస్త్రవేత్తలు కార్పస్ అంటారు. ఆ పది లక్షల పదాల్లో దాదాపు ఏడు శాతం 'ద' అన్న ఒక్క పదమే. మొత్తం పాఠంలో సగాన్ని 135 పదాలే ఆక్రమించాయి. కొద్ది పదాలు విపరీతంగా, ఎక్కువ పదాలు అతి అరుదుగా రావడం అన్ని భాషల్లోనూ కనిపించే లక్షణం. అమెరికన్ భాషాశాస్త్రవేత్త జార్జ్ జిఫ్ దీన్ని 1930ల్లోనే వివరించాడు. అందుకే ఇది జిఫ్ సూత్రంగా పేరుపడింది.

అరుదైన పదాలే ఎక్కువ కావడం వల్ల ఒక చిక్కు వస్తుంది. పది లక్షల పదాల రాశిలో అలాంటి పదం ఒకటి రెండుసార్లే కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. దాని ఎగుడుదిగుళ్లు ఏడాదికేడాది తెలియాలంటే కొన్ని వందల కోట్ల పదాలు కావాలి. అంత పాఠం ఒకచోట చేరడం 21వ శతాబ్దంలో గానీ సాధ్యపడలేదు.

కోట్ల పదాల రాశి

2004 చివర్లో గూగుల్ సంస్థ హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, మిషిగన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలతోనూ న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంతోనూ కలిసి పుస్తకాలను స్కాన్ చేసే పథకాన్ని ప్రకటించింది. ఆరేళ్లలో కోటిన్నర పుస్తకాలు డిజిటల్ రూపం దాల్చాయి. వాటిలో ముద్రణ వివరాలు నమ్మదగినవిగా, అక్షరాల గుర్తింపు మెరుగ్గా ఉన్న 50 లక్షల పుస్తకాలను జాన్-బాప్టిస్ట్ మిషెల్, ఎరెజ్ లీబర్‌మన్ ఎయిడెన్, వారి సహచరులు విడిగా తీసి పదాలు లెక్కించారు. 2010 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో వారి పరిశోధన వెలువడింది. అదే సమయంలో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా గూగుల్ 'ఎన్‌గ్రామ్ వ్యూయర్' అందుబాటులోకి వచ్చింది.

అప్పటి అంచనా ప్రకారం ప్రపంచంలో అచ్చయిన పుస్తకాలన్నిటిలో ఆ 50 లక్షలు నాలుగు శాతం. వాటిలోని పదాలు మొత్తం 50,000 కోట్లకు పైనే. ఇందులో ఇంగ్లీషు వాటా 36,100 కోట్లు. ఫ్రెంచి, స్పానిష్ భాషలు చెరి 4,500 కోట్ల పదాలతో తర్వాతి స్థానంలో ఉన్నాయి. జర్మన్, రష్యన్, చైనీస్, హీబ్రూ భాషలు కూడా ఉన్నాయి. 2012లో ఇటాలియన్ చేరింది. భారతీయ భాషలేవీ ఇందులో లేవు.

ఈ పుస్తకాల్లో చాలావాటికి కాపీరైటు ఉంది. పుస్తకాల స్కానింగు మీద అమెరికా కోర్టుల్లో 2005 నుంచి దశాబ్దం పైగా వ్యాజ్యం నడిచింది. పాఠాన్ని బయటపెట్టకుండానే పరిశోధనకు పనికొచ్చే మార్గంగా లెక్కలను మాత్రమే విడుదల చేశారు. వరుసగా వచ్చే పదాల గుంపును ఎన్‌గ్రామ్ అంటారు. ఒక్క పదమైతే ఏకగ్రామ్, రెండు పదాల జంట ద్విగ్రామ్, ఇలా ఐదు పదాల దాకా లెక్కించారు. మొత్తం రాశిలో కనీసం 40 సార్లు కనిపించిన గుంపులకే చోటు దక్కింది. దానివల్ల ముక్కలను అతికించి ఏ పుస్తకాన్నీ తిరిగి కూర్చడానికి వీలుండదు.

గీత ఎలా తయారవుతుంది

పదం ఎన్నిసార్లు వచ్చిందన్న సంఖ్య ఒక్కటే ఏమీ చెప్పదు. ఏటా అచ్చయ్యే పుస్తకాల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది కాబట్టి దాదాపు ప్రతి పదం లెక్కా పెరుగుతుంది. అందుకే ఆ ఏడాది పుస్తకాల్లోని మొత్తం పదాల సంఖ్యతో భాగిస్తారు. ఉదాహరణకు, 1900లో అచ్చయిన పుస్తకాల్లో మొత్తం పది కోట్ల పదాలుండి, వాటిలో ఒక పదం 1,000 సార్లు వచ్చిందనుకుంటే, లక్ష పదాలకు ఒకసారి వచ్చినట్టు. 2000లో మొత్తం వంద కోట్ల పదాలుండి అదే పదం 5,000 సార్లు వస్తే లక్షకు అరసారే. లెక్క ఐదింతలైనా వాడుక సగానికి పడిపోయిందన్నమాట.

ఏడాదికేడాది వచ్చే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు కంటికి అడ్డు పడకుండా గీతను నునుపు చేస్తారు. ఎన్‌గ్రామ్ వ్యూయర్ మామూలుగా ఒక ఏడాదికి ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు కలిపి ఏడేళ్ల సగటును చూపుతుంది. ఈ సంగతి మరచిపోతే, ఒక యుద్ధం పేరు ఆ యుద్ధం మొదలవడానికి మూడేళ్ల ముందే పుస్తకాల్లోకి ఎక్కినట్టు భ్రమ కలుగుతుంది. సంఘటనకూ గీతకూ మధ్య కాలక్రమం చూసేటప్పుడు నునుపు తీసేసి అసలు లెక్కలే చూడాలి.

లెక్కలు బయటపెట్టిన సంగతులు

2010 పరిశోధన కొన్ని గట్టి ఫలితాలనిచ్చింది. ఇంగ్లీషులో బానిసత్వాన్ని సూచించే పదం 1860ల తొలినాళ్లలో, అంటే అమెరికా అంతర్యుద్ధ కాలంలో శిఖరానికి చేరింది. ఆ తర్వాత తగ్గిపోయి, నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమం సాగిన 1955-68 మధ్య మళ్లీ లేచింది. పాత గాయం గురించి సమాజం మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టిన కాలం లెక్కల్లో స్పష్టంగా పట్టుబడింది.

సంవత్సరాల అంకెలు కూడా పదాల్లాగే ప్రవర్తిస్తాయి. '1880' అన్న అంకె ఆ ఏడాది దగ్గరపడే కొద్దీ పుస్తకాల్లో పెరిగి, శిఖరం చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. శిఖరంలో సగానికి పడిపోవడానికి 1912 దాకా, అంటే 32 ఏళ్లు పట్టింది. '1973' అలా సగానికి పడిపోవడానికి పదేళ్లే పట్టింది, 1983కే దిగిపోయింది. గడిచిన కాలాన్ని అచ్చులో తలచుకోవడం తగ్గే వేగం తరం తరానికీ పెరుగుతోందని పరిశోధకులు తేల్చారు.

రాజ్యం చేసే నిషేధం కూడా ఈ లెక్కల్లో కనిపిస్తుంది. యూదు చిత్రకారుడు మార్క్ షగాల్ పేరు 1936-44 మధ్య ఇంగ్లీషు పుస్తకాల్లో పెరుగుతూ పోయింది. అదే కాలపు జర్మన్ పుస్తకాల్లో ఆయన పూర్తి పేరు ఒకే ఒక్కసారి వచ్చింది. నాజీ పాలనలో ఎవరి పేర్లు చెరిపేశారో తెలుసుకోవడానికి రెండు భాషల గీతలను పక్కపక్కన పెట్టి చూడడం ఒక పద్ధతి అయింది.

వ్యాకరణ రూపాల మార్పును ఇదే బృందంలోని కొందరు అంతకు ముందే లెక్కగట్టారు. ఇంగ్లీషులో భూతకాల రూపం సామాన్య సూత్రానికి లొంగని క్రియలున్నాయి. పాత ఇంగ్లీషులోని అలాంటి 177 క్రియలను తీసుకుని చూస్తే, మధ్యయుగానికి 145 మిగిలాయి, నేటికి 98 మిగిలాయి. మిగతావి అందరి దారిలోకి వచ్చేశాయి. ఎక్కువగా వాడే క్రియలు పాత రూపాన్ని నిలుపుకుంటాయి, అరుదుగా వాడేవి త్వరగా మారతాయి. ఇందులోనూ ఒక లెక్క ఉంది: వంద రెట్లు తక్కువగా వాడే క్రియ పది రెట్లు వేగంగా మారుతుంది. 2007లో 'నేచర్' పత్రికలో వెలువడిన ఈ ఫలితం, భాషలో మార్పుకు సంఖ్యాపరమైన సూత్రాలుంటాయని చూపిన తొలి గట్టి ఉదాహరణల్లో ఒకటి.

నిఘంటువుల కొరత కూడా బయటపడింది. ఇంగ్లీషు పదజాలం 1900లో దాదాపు 5.44 లక్షల పదాలైతే 2000 నాటికి 10.22 లక్షలకు పెరిగిందని అంచనా. వాటిలో సగానికి పైగా ఏ ప్రామాణిక నిఘంటువులోనూ లేవు. అరుదైన శాస్త్ర పదాలు, సమాసాలు, సాధిత రూపాలు వాటిలో ఎక్కువ.

గీత తప్పుదారి పట్టించే చోట్లు

గీత పడిపోయినంత మాత్రాన జనం ఆ విషయం మరచిపోయారని అనుకోకూడదు. 1914-18 నాటి యుద్ధాన్ని మొదట ఇంగ్లీషులో 'మహాయుద్ధం' అనే అర్థమిచ్చే పేరుతో పిలిచారు. రెండో యుద్ధం వచ్చాక అది 'మొదటి ప్రపంచయుద్ధం' అయింది. 1940ల నుంచి పాత పేరు పడిపోయింది, కొత్త పేరు లేచింది. ఒక్క పేరునే చూసినవారికి ఆ యుద్ధమే మరుగున పడినట్టు తోస్తుంది. ఒకే విషయానికున్న పేర్లన్నిటినీ కలిపి చూస్తేనే నిజం తెలుస్తుంది.

రెండో సమస్య అక్షరాల గుర్తింపు. కాగితం మీది అచ్చును కంప్యూటరు చదివి అక్షరాలుగా మారుస్తుంది. 1800కు ముందు ఇంగ్లీషు అచ్చులో 'ఎస్' అక్షరానికి ఒక పొడవాటి రూపం ఉండేది. అది చూడడానికి 'ఎఫ్' లాగే ఉంటుంది. దాంతో 'బెస్ట్' అన్న పదాన్ని కంప్యూటరు 'బెఫ్ట్' అని చదివింది. గీతల్లో 1800 ప్రాంతంలో 'బెఫ్ట్' మాయమై 'బెస్ట్' పైకి లేస్తుంది. అక్కడ మారింది అచ్చు అలవాటు ఒక్కటే. భాషలో ఏ మార్పూ లేదు.

మూడోది తేదీ. గ్రంథాలయ వివరాల్లో ముద్రణ సంవత్సరం తప్పుగా ఉంటే పదం పుట్టక ముందే పుస్తకాల్లో కనిపిస్తుంది. పత్రికల సంపుటాలకు చాలాసార్లు తొలి సంచిక సంవత్సరమే పడుతుంది. పాత పుస్తకం కొత్త ముద్రణ పొందితే ఆనాటి భాష ఈనాటి లెక్కలో చేరుతుంది. భాషాశాస్త్రవేత్త జెఫ్రీ నన్‌బర్గ్ 2009లోనే గూగుల్ పుస్తకాల్లోని ఇలాంటి తేదీ తప్పులను ఎత్తిచూపాడు.

నాలుగోది అన్నిటికన్నా లోతైనది. లెక్కలోకి వచ్చిన పుస్తకాల స్వభావమే కాలంతో మారుతుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో 20వ శతాబ్దమంతా శాస్త్ర సాంకేతిక గ్రంథాల వాటా పెరుగుతూ వచ్చింది. పటాలను, పట్టికలను సూచించే పదాలు ఆ కాలంలో లేచింది అందుకే. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన నవలకూ, గ్రంథాలయంలో ఎవరూ తెరవని నివేదికకూ ఈ లెక్కలో ఒకటే విలువ. వెర్మాంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఈ లోపాన్ని వివరంగా పరిశీలించి, ఇలాంటి రాశి ఆధారంగా జనాభిప్రాయం గురించి తీర్మానాలు చేయడం ప్రమాదమని హెచ్చరించారు.

దీనికి విరుగుడు సమతూకం ఉన్న రాశులు. మార్క్ డేవీస్ 2010లో విడుదల చేసిన అమెరికన్ ఇంగ్లీషు చారిత్రక కార్పస్‌లో అప్పట్లో 1810 నుంచి 2009 దాకా 40 కోట్ల పదాలుండేవి. గూగుల్ రాశి ముందు ఇది చాలా చిన్నది. కానీ ప్రతి దశాబ్దంలోనూ కల్పన, పత్రికలు, ఇతర పుస్తకాలు తగిన పాళ్లలో ఉంటాయి. పదం చుట్టూ ఉన్న వాక్యం కూడా చదవడానికి దొరుకుతుంది. పెద్ద రాశిలో కనిపించిన మార్పు చిన్నదైనా సమతూకమున్న రాశిలోనూ కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది.

అర్థం మారిన పదాలు

పదం అలాగే ఉండి అర్థం మారిపోతే లెక్క దాన్ని పట్టుకోలేదు. తెలుగులో 'కంపు' ఒకప్పుడు పరిమళానికి కూడా చెల్లేది, ఇప్పుడు దుర్వాసనే. 'నూనె' నువ్వుల నుంచి తీసిన దానికి పేరుగా మొదలై అన్ని తైలాలకూ పాకింది. పురాణాల్లో ఆకాశం నుంచి వినిపించే అశరీర వాణిని చెప్పిన 'ఆకాశవాణి' 20వ శతాబ్దంలో రేడియోకు పేరయింది. తెలుగు భాషాశాస్త్రవేత్తలు అర్థవిపరిణామం అని పిలిచే ఈ మార్పును చూడాలంటే పదం పక్కన ఏ పదాలు వస్తున్నాయో గమనించాలి.

పదం అర్థం దాని పొరుగు పదాల వల్ల తెలుస్తుందన్న ఆలోచనను ఆంగ్ల భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1950ల్లోనే చెప్పాడు. ఇప్పుడు కంప్యూటరు ఆ పనిని సంఖ్యలతో చేస్తుంది. ప్రతి పదం పొరుగును లెక్కించి, ఆ పదాన్ని వందల అంకెలున్న ఒక సదిశగా మారుస్తుంది. ఒకే రకమైన పొరుగున్న పదాల సదిశలు దగ్గరగా ఉంటాయి. 2013లో గూగుల్ పరిశోధకులు తయారుచేసిన వర్డ్‌టువెక్ అన్న పద్ధతి ఈ పనిని వేగవంతం చేసింది. ఒక్కో దశాబ్దానికి విడిగా సదిశలు కట్టి పోల్చితే, పదం ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో తెలుస్తుంది. ఇంగ్లీషులో 'బ్రాడ్‌కాస్ట్' ఒకప్పుడు విత్తనాలు, పొలం అన్న పదాల చెంత ఉండేది. విత్తనాలు వెదజల్లడం దాని పాత అర్థం. రేడియో వచ్చాక అది వార్తాపత్రిక, టెలివిజన్ వంటి పదాల చెంతకు చేరింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ఇలాంటి మార్పులను పరిశీలించి రెండు ధోరణులు గుర్తించారు: తరచుగా వాడే పదాల అర్థం నెమ్మదిగా మారుతుంది, నానార్థాలున్న పదాల అర్థం వేగంగా మారుతుంది.

తెలుగుకు ఈ లెక్క కుదరాలంటే

ఇలాంటి పరిశీలనకు తెలుగులో గొప్ప అవకాశం ఉంది. గత వందా నూటయాభై ఏళ్లలో తెలుగు అచ్చు భాష మారినంతగా మారిన భాషలు తక్కువ. 'చేయుచున్నాడు' నుంచి 'చేస్తున్నాడు' దాకా, అరసున్న, బండి ఱ వాడిన ముద్రణల నుంచి అవి దాదాపుగా తప్పుకున్న ముద్రణల దాకా సాగిన ప్రయాణం అది. గిడుగు రామమూర్తి, ఆయన సహచరులు నడిపిన వ్యావహారిక భాషోద్యమం ఏ రకం పుస్తకాల్లో ముందు గెలిచింది, ఎక్కడ ఆలస్యంగా గెలిచింది అన్న ప్రశ్నకు ఇలాంటి రూపాల జంటలను ఏడాదివారీగా లెక్కిస్తే కచ్చితమైన జవాబు వస్తుంది.

అయితే ఇంగ్లీషుకు సరిపోయిన పద్ధతి తెలుగుకు నేరుగా సరిపోదు. 'ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇళ్లు, ఇళ్లల్లో' అన్నవి కంప్యూటరుకు ఐదు వేర్వేరు పదాలు. వీటన్నిటినీ ఒకే మాట కిందికి తెచ్చే పదవిశ్లేషణ ముందు జరగాలి. సంధి వల్ల రెండు పదాలు ఒకటిగా కలిసిపోతాయి, 'ఎక్కడున్నాడు' అన్నప్పుడు 'ఎక్కడ' దాగిపోతుంది. 'వెళ్లు, వెళ్ళు' వంటి రాత భేదాలూ ఉన్నాయి. పాత అచ్చులోని ఒత్తులు, గుణింతాలు కంప్యూటరు చేత తప్పుల్లేకుండా చదివించడం ఇంకా కష్టమైన పనే. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కినా, ఆ తర్వాత చాలాకాలం పుస్తకాలను అను వంటి ప్రత్యేక ఫాంట్లలోనే కూర్చారు. వాటి ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చనిదే వెతకడానికీ లెక్కించడానికీ కుదరదు.

పునాది మాత్రం పడింది. చిత్తూరు జిల్లా మూలాలున్న శాస్త్రవేత్త రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి ముందుకు నడిపించిన పది లక్షల పుస్తకాల పథకంలో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ భాగస్వామి. భారత డిజిటల్ లైబ్రరీ ద్వారా వేల తెలుగు పుస్తకాల పుటలు బొమ్మల రూపంలో భద్రపడ్డాయి. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ తెలుగు కార్పస్ తయారుచేసింది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు పాత పుస్తకాల పాఠాన్ని పుట పుటా సరిదిద్దుతున్నారు.

ఇక కావలసినవి మూడు: బొమ్మలుగా ఉన్న పుటలను తప్పుల్లేని పాఠంగా మార్చడం, ప్రతి పుస్తకానికీ తొలి ముద్రణ సంవత్సరం సరిచూసి చేర్చడం, కవిత్వం, నవల, పత్రిక, పాఠ్యపుస్తకం, శాస్త్రగ్రంథం అన్నీ ప్రతి దశాబ్దంలోనూ తగిన పాళ్లలో ఉండేలా ఎంచడం. గూగుల్ రాశి అనుభవం నేర్పింది ఇదే. పదాల సంఖ్య ఎంత పెద్దదైనా, ఏ పుస్తకాల నుంచి ఏ తేదీతో వచ్చాయో తెలియకపోతే గీత నమ్మదగినది కాదు. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, ప్రచురణకర్తలు కలిసి ఈ పని చేపట్టాలి. పాత కాగితం ఏటికేడాది పొడి అయిపోతోంది కాబట్టి ఆలస్యం చేయకుండా చేపట్టాలి.